వదిలేసిన పొలం

లైసెన్సు చేతికొచ్చి రెండు వేసవులు.
ఇంజను లేని రెక్కల మీద
గానుగెద్దులా తిరిగాను
మా గడ్డి రన్‌వే చుట్టూ:
నీళ్ల ట్యాంకు, రైలు గేటు, మళ్లీ నీళ్ల ట్యాంకు.
ఎక్కడం వచ్చు, దిగడం వచ్చు,
వెళ్లడం రాదు.

"వెళ్లడమెలా?" అని క్లబ్బులో అడిగాను.
బోగుమిల్ భుజాలెగరేశాడు:
"నీళ్లలో దూకితే ఈత అదే వస్తుంది."
దూకి తేలనివాళ్ల సంగతి
అతను చెప్పలేదు, నేనడగలేదు.
ఇంకొకాయన పాత మ్యాపు ఇచ్చాడు,
మడతల్లో మూడు ఊళ్లు అరిగిపోయాయి.
మరొకరు, ఈ వయసులో ఎందుకమ్మా
ఇక్కడిక్కడే బాగుంది కదా, అన్నారు.

నాకు నలభై రెండు.
రోజూ తెల్లవారుజాము మూడింటికి
రొట్టెల బట్టీ ముందు నిలబడతాను.
పిండి పొంగే ఘడియ నా వేళ్లకి తెలుసు,
ఒకావిడ పక్కన నిలబడి
వరసగా నేర్పింది కాబట్టి.
ఆకాశం పొంగే ఘడియ మాత్రం
దానంతటదే తెలియాలట!

చివరికి దొరికాడు వ్రోనా.
ఆ ఇంటిపేరుకి మా పోలిష్‌లో కాకి అని అర్థం.
రెండు నదులకవతల చిన్న మైదానం,
ఏటా జూన్‌లో పది రోజులు, ఐదుగురికే.
మొదటి రోజు గ్లైడర్ ముట్టుకోనివ్వలేదు.
సైకిళ్లిచ్చాడు.

"ఇదేమిటి?" "గోధుమ."
"ఎంతెత్తు?" దిగి నిలబడి చూశాను. "నడుం దాకా."
"దిగుతావా?" "దిగను."
"ఇది?" "బంగాళదుంప."
"చాళ్లు ఎటున్నాయి?"
"ఆ కరెంటు తీగ కనిపించిందా?"
లేదు.
"పైనించి తీగ ఎవరికీ కనిపించదు. స్తంభాలు వెతుకు."
సాయంత్రానికి పిక్కల నిండా దురదగొండి దద్దుర్లు,
తల నిండా పంతొమ్మిది పొలాలు.

రెండో రోజు బల్ల మీద లెక్కలు.
ఎత్తంటే చేతిలో డబ్బు, అన్నాడు.
వెయ్యి మీటర్లకి ముప్పై కిలోమీటర్లని
గ్లైడర్ అమ్మినవాడు చెబుతాడు,
నువ్వు సగమే నమ్ము.
అందులోనూ మూడొందలు పక్కన పెట్టు,
ముసలమ్మ చావుఖర్చులకి దాచుకున్నట్టు.
ముట్టుకోకు.

తర్వాత వారమంతా వెనక సీట్లో ఆయన గొంతు.
తక్కువే మాట్లాడేది.
"ఆ కొంగల్ని చూడు.
రెక్కాడించకుండా తిరుగుతుంటే
అక్కడ గాలి లేస్తోందన్నమాట.
ఆడిస్తుంటే, పాపం
అవీ మనలాగే ఆశపడుతున్నాయి."

తొమ్మిదో రోజు ఒంటరిగా, యాభై కిలోమీటర్లు.
ఇటుక చర్చి, చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం, అడవి అంచు.
ఒకసారి వెనక్కి చూస్తే
రన్‌వే లేదు.
చూరు వదిలిన చేతులు
అంత తేలికవుతాయనీ
అంత చల్లబడతాయనీ ఎవరూ చెప్పలేదు.

తర్వాత మబ్బు కమ్మింది.
వేరియోమీటర్ శ్రుతి దిగజారింది.
ఏడొందలు. ఐదొందలు.
కొంగలన్నీ నేల మీదే నడుస్తున్నాయి.

కోసిన గడ్డి మీద చక్రం గడగడమంది,
ఎడమ రెక్క మెల్లగా ఒరిగింది.
ఆ నిశ్శబ్దంలో మిడతలు.
ఓ పిల్లాడు పరుగున వచ్చి
"పెట్రోలు అయిపోయిందా?" అన్నాడు.
ఎప్పుడూ లేదన్నాను.
నమ్మలేదు, గ్లైడర్ కింద వంగి చూశాడు.
వాళ్ల నాయనమ్మ చల్లని బీట్‌రూట్ చారు తెచ్చింది,
సగం గిన్నె తాగేదాకా
చేతులు వణుకుతున్నాయని నాకు తెలియలేదు.

పొద్దుగూకాక ట్రైలర్ లాక్కుంటూ వ్రోనా వచ్చాడు.
పన్నెండు కిలోమీటర్లు తక్కువైనందుకు
క్షమాపణ ఒకటి సిద్ధంగా ఉంచుకున్నాను.
ఆయన గట్టున నిలబడి
చుట్టూ పొలాలు చూశాడు, చాలాసేపు.
"ఏది వదిలేశావు?"

చెప్పాను. అదిగో, ఆ అవిసె చేను.
నీలంగా పూసింది, పైనించి చెరువులా ఉంది,
ఇంతకంటే వెడల్పు, ఇంతకంటే దగ్గర.
దాని చివర ఒక స్తంభం.
ఇటు చివర ఇంకొకటి.

ఆయన జేబులోంచి పుస్తకం తీసి
ఏదో రాసుకున్నాడు.
ఆ రాత నాకు అర్థం కాలేదు.
"రెక్క కొస పట్టుకో" అన్నాడు.
పట్టుకున్నాను.